రెండో తరగతి పాపకు ఒత్తులు, చదవడం, కథ రాయడం – మీరెలా చేయిస్తున్నారు?

హన్మకొండ_అమ్మ: పాపది ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఒత్తు వస్తే ఆగిపోతుంది. కథ రాయమంటే 'అనగనగా ఒక రాజు' దగ్గరే పెన్సిల్ పెట్టేస్తుంది. డిక్టేషన్ రోజూ పెట్టాలా? సెలవులు అయిపోతున్నాయని టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_నాన్న: మావాడు పుస్తకం తెరిస్తే పారిపోయేవాడు. బండి మీద హన్మకొండ చౌరస్తా దాకా షాపుల బోర్డులు చదివించా. 'వస్త్రాలయం' సొంతంగా చదివిన రోజు ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడు. స్త్ర అంటే మాటలా!

పరకాల_పంతులు: బోర్డుల నిండా తప్పులే, వాటితో నేర్పకండి. రిటైరయ్యేదాకా చిన్న తరగతులకే చెప్పినవాణ్ణి, వినండి. ఒత్తులన్నీ ఒకేసారి రుద్దొద్దు. గ, చ, డ, ద, ప లాంటివి తలకట్టు తీసేస్తే ఒత్తులే, పిల్లలు చూడగానే పట్టేస్తారు. చిక్కంతా రూపం మారే త, న, మ, య, ర, ల, వలతోనే. అత్త, అన్న, అమ్మ, బియ్యం, చక్రం, పిల్లి, పువ్వు. ఈ ఏడు మాటలు ముందు చూసి రాయాలి, తర్వాత పుస్తకం మూసి రాయాలి, చివరికి తప్పులు తనే దిద్దుకోవాలి. అక్షరం కుదిరాకే కథలు.

నర్సంపేట_తల్లి: ఆ చివరి మాట దగ్గరే నాకు మండుతుంది సార్. మా బాబు మేడారం జాతర గురించి పేజీ నిండా రాశాడు. 'మేం మేడారం పోయినం. జంపన్న వాగుల తానం చేసినం. నాయనమ్మ నా ఎత్తు బంగారం ఇచ్చింది.' బంగారమంటే అక్కడ బెల్లమే, మొక్కుగా తూకం వేసి ఇస్తారు. టీచర్ పోయినం కొట్టేసి వెళ్ళాము, తానం కొట్టేసి స్నానం అని ఎర్ర ఇంకుతో నింపింది. తక్కెట్లో కూర్చుంటే ఎలా ఉందిరా అని ఒక్క మాట అడగలేదు. అప్పట్నుంచి వాడు మూడు వాక్యాలు దాటడు.

పరకాల_పంతులు: పరీక్షలో పోయినం రాస్తే మార్కులు ఎవరిస్తారమ్మా? టీచర్ దిద్దక ఇంకెవరు దిద్దుతారు?

ములుగురోడ్: సార్, మన కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన జీవితమంతా మనం మాట్లాడే భాష కోసం కొట్లాడింది ఈ వరంగల్‌లోనే. ఆ ఒక్కరోజు దండలు వేసి, మర్నాడు పిల్లవాడి నోటి మాటను తప్పంటామా?

పరకాల_పంతులు: కాళోజీ గురించి మీరు నాకు చెప్పాలా? యాసను నేను తక్కువ చేయలేదు. పరీక్ష పేపర్ దిద్దేది మీరూ నేనూ కాదు, అది చెప్తున్నా.

నర్సంపేట_తల్లి: ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అప్పుడే పరీక్ష పేపరా! ఒత్తు తప్పితే దిద్దండి, ఎవరొద్దన్నారు? మా ఇంటి మాట తప్పెలా అవుతుంది?

కరీంనగర్_వాసి: మీరు యాస గురించి కొట్లాడుతున్నారు, మా దగ్గర అసలు తెలుగు పీరియడే లెక్కల సారు తీసుకుంటాడు. అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం వచ్చింది. ఫీజు కట్టేటప్పుడు ఒక్కరైనా అడుగుతున్నామా?

కాజీపేట_నాన్న: మా దగ్గరా అంతే అన్నా. వ్యాన్ ఫీజు కూడా పెంచారు.

హన్మకొండ_అమ్మ: నా ప్రశ్న డిక్టేషన్ గురించి…

భద్రకాళి_బండ్: అక్కా, రోజూ ఐదు మాటలు చాలు, అదీ అంతకుముందు తను చదివినవే. కథకు వేరే దారి ఉంది. పాపను చెప్పమనండి, మీరు రాయండి. ఆమె ఎట్లంటే అట్లనే, ఒక్క అక్షరం మార్చకుండా. తర్వాత ఆ కాగితం ఆమెతోనే చదివించండి. తను చెప్పిందే కాబట్టి ఒత్తు దగ్గర ఆగినా వెనకా ముందూ చూసి లాగేస్తుంది. మా చిన్నది వానకు తడిసిన కుక్కపిల్ల గురించి చెప్తుంటే నా చెయ్యి నొప్పి పుట్టింది. కొన్నాళ్ళకు 'నువ్వు స్లోగా రాస్తున్నవ్' అని పెన్సిల్ తనే లాక్కుంది.

ములుగురోడ్: చదవడానికి పుస్తకాలు కొనలేకపోతే గ్రంథాలయాలున్నాయి. హన్మకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం 1904 నుంచి ఉంది. మన పిల్లల్లో ఎంతమంది దాని గడప తొక్కారు?

పరకాల_పంతులు: చెప్పించి రాయడం మంచిదే, నేనూ ఒప్పుకుంటా. హన్మకొండ అమ్మా, పాప తన చేత్తో రాసింది ఒక పేజీ ఇక్కడ పెట్టండి. ఏ ఒత్తులు తప్పుతున్నాయో చూసి చెప్తా. పోయినం, వచ్చినం ఉంటే వాటి జోలికి పోను.