ఆల్బమ్‌కు అంటుకుపోయిన పాత పోస్టుకార్డులను విడదీయడం ఎలా?

మాది బరంపురం. తాతగారి నల్ల కాగితాల ఆల్బమ్‌లో ఆరు పిక్చర్ పోస్టుకార్డులు ఉన్నాయి. గోపాల్‌పూర్ సముద్రతీరం, దీపస్తంభం, పర్లాకిమిడి రాజప్రాసాదం, మిగతావి వీధి దృశ్యాలు. ఒకదాని మీద ‘గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ’ అని అచ్చయి ఉంది. గంజాం ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న కాబట్టి, ఆ కార్డు అంతకు ముందు అచ్చయినదే అయి ఉండాలి. పోస్టు చేసిన కచ్చితమైన తేదీ వెనకవైపు తపాలా ముద్రలో దొరుకుతుందని నా ఆశ. కానీ ఆరింటికీ వెనకంతా మైదా జిగురు పూశారు.

ముందు కార్డుకూ పుటకూ మధ్య సన్నని దారాన్ని బిగించి పట్టి జిగురును కోశాను. అర సెంటీమీటరు తెగాక కార్డు పొర లేచింది, వెంటనే ఆపేశాను. తర్వాత ఒక మూలకు రెండు నిమిషాలు ఆవిరి పట్టాను. జిగురు కొంత మెత్తబడింది గానీ వెనకనున్న నీలి సిరా చెదిరింది, నల్ల కాగితం రంగు కూడా కార్డు అంచుకు దిగింది. ప్లాస్టిక్ సంచిలో మూసి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచినా మార్పు లేదు. ఆల్బమ్ పుటలు పాడైనా ఫరవాలేదు, కార్డుల మీది చేతిరాత మాత్రం పోకూడదు.

సిరా చెదరకుండా, నల్లరంగు దిగకుండా మైదా జిగురును వదిలించిన అనుభవం ఉన్నవారు ఏ పద్ధతి వాడారో చెప్పగలరా?