కార్ల ప్రదర్శనలు తియ్యడానికి కెమెరా, లెన్సులు: లక్షా పాతిక వేలలో ఏం కొనాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. పాత కార్లు, మాడిఫై చేసిన కార్లు వరసగా నిలబెట్టే ప్రదర్శనలు తియ్యడానికి కెమెరా కొనాలి. ఎక్కువగా నెల్లూరు, ఒంగోలు గ్రౌండ్లలో, అప్పుడప్పుడు చెన్నైలో. లెన్సులతో కలిపి బడ్జెట్ లక్షా పాతిక వేలు. వీడియో అక్కర్లేదు. ప్రింటు 12×18 అంగుళాల దాకా వేయించాలి.

ఫోనుతో వచ్చే ఇబ్బందులు మూడు. కారు ముక్కు ఉబ్బినట్టు వస్తోంది. అద్దాల్లో చెట్లూ జనమూ తప్ప లోపలి సీట్లు కనపడట్లేదు. నల్ల కారు బూడిద రంగుకి తిరుగుతోంది.

షాపులో కెనాన్ ఆర్50కి 18–45, 55–210 రెండు లెన్సులు కలిపి ఇస్తామంటున్నారు. అది సరిపోతుందా? లేక ఇంకొంచెం కూడబెట్టి ఫుల్ ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాకి) పోవాలా?

---

కావలి_ఫోకస్

అన్నా, ముక్కు ఉబ్బడానికి కారణం ఫోను కాదు, మనం నిలబడే దూరం. ఫోను మెయిన్ కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి కారు ఫ్రేము నిండాలంటే బాగా దగ్గరికి పోతాం. అప్పుడు దగ్గరి హెడ్‌లైటు రెండున్నర మీటర్లలో ఉంటే వెనక చక్రం ఐదున్నర మీటర్లలో ఉంటుంది. అంటే ముందు భాగం రెండింతలు పైనే పెద్దగా పడుతుంది. అదే హెడ్‌లైటుకి పది మీటర్ల దూరంలో నిలబడితే వెనక చక్రం పదమూడు మీటర్లలో ఉంటుంది, తేడా 1.3 రెట్లే. కారు ఆకారం కంటికి కనపడినట్టు వస్తుంది.

అందుకని లెన్సు ఎంచుకునే ముందు, గ్రౌండులో ఎంత వెనక్కి జరగడానికి చోటుంటుందో చూసుకోవాలి. లెక్క తేలికే: ఫ్రేములో పట్టాల్సిన వెడల్పుని లెన్సు మి.మీ.తో హెచ్చవేసి, సెన్సార్ వెడల్పుతో భాగించండి. కెనాన్ ఏపీఎస్-సీ (ఆర్50లో ఉండే చిన్న సైజు) సెన్సార్ వెడల్పు 22.3 మి.మీ. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. అటూ ఇటూ కాస్త ఖాళీతో 5 మీటర్లు అనుకుంటే, పక్క నుంచి పూర్తిగా తియ్యడానికి 18 మి.మీ. దగ్గర 4 మీటర్లు, 35 దగ్గర 8 మీటర్ల లోపు, 50 దగ్గర 11 మీటర్లు, 85 దగ్గర 19 మీటర్లు కావాలి. నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్ లాంటి చోట కూడా వరసల మధ్య 8 మీటర్ల ఖాళీ దొరికితే గొప్ప. 19 మీటర్లు దొరికినా మధ్యలోకి పదిమంది వచ్చేస్తారు.

కాబట్టి మీకు పనికొచ్చేది 30 నుంచి 50 మి.మీ. మధ్య. ఆ 55–210 మొదలయ్యేదే 55 దగ్గర, దాని అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కన్నం) కూడా ఎఫ్/5–7.1, అంటే వెలుగు తక్కువ. తాడు బయట నుంచి బ్యాడ్జీలు, లాంపులు తియ్యడానికి బాగుంటుంది గానీ మొదటి రెండు లెన్సుల్లో దానికి చోటు లేదు.

నా సలహా: ఆర్50, దానికి సిగ్మా 18–50 ఎఫ్/2.8 (ఆర్‌ఎఫ్ మౌంటుది, అంటే ఆర్50కి నేరుగా తగిలేది). వైడు చివర 12 సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోయి ఫోకస్ చేస్తుంది కాబట్టి బ్యాడ్జీలు, డయల్స్ అన్నీ దానితోనే అయిపోతాయి. ఒక లోపం ముందే తెలుసుకోండి: ఈ సిగ్మాలో స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసేది) లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. పగలు షట్టర్ వేగం 1/125 సెకను, ఆ పైన పెడితే ఇబ్బంది రాదు. పొద్దుగూకాక మాత్రం ట్రైపాడ్ కావాలి. బాడీ ఒక్కటే దొరక్కపోతే 18–45తో వచ్చే సింగిల్ కిట్ తీసుకోండి, అందులో స్టెబిలైజర్ ఉంది, అమ్మెయ్యొద్దు. డబ్బు ఇంకాస్త కలిస్తే ఆర్50 బదులు ఆర్10 మేలు. దానికి రెండు డయల్స్ ఉంటాయి కాబట్టి అపెర్చర్ ఒక వేలితో, ఎక్స్‌పోజర్ సవరింపు ఇంకో వేలితో తిప్పుకోవచ్చు.

ఫుల్ ఫ్రేమ్ కోసం ఆగొద్దు. కారు మొత్తం పదునుగా రావాలంటే ఎలాగూ ఎఫ్/8 పెడతాం. ఏపీఎస్-సీ మీద 35 మి.మీ., ఎఫ్/8తో 5 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 3 మీటర్ల నుంచి 13 మీటర్ల దాకా పదునుంటుంది. అదే ఎఫ్/2.8 పెడితే 4.1 నుంచి 6.4 దాకానే, తోక మసక. మరీ ఎఫ్/16కి పోవద్దు, డిఫ్రాక్షన్ (చిన్న కన్నంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది. ప్రింటు సంగతి: 12×18 అంగుళాలకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. ఆర్50 ఇచ్చేది 4000×6000. చాలు, కాస్త కత్తిరించుకోడానికి కూడా మిగులుతుంది.

---

ఒంగోలు_షట్టర్

కావలి అన్న చెప్పిన దూరం లెక్క నూటికి నూరు పాళ్లు నిజం. కానీ అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో దారి ఉంది: కెనాన్ 80డీ, ఈఎఫ్-ఎస్ 17–55 ఎఫ్/2.8 ఐఎస్, ఈఎఫ్-ఎస్ 10–18 ఐఎస్ ఎస్‌టీఎం. రెండు లెన్సుల్లోనూ స్టెబిలైజర్ (ఐఎస్) ఉంది. కారు లోపల తియ్యాలంటే 10–18 లేకుండా కుదరదు. డ్రైవరు వైపు కిటికీలోంచి కెమెరాని లోపలికి పట్టుకుని 10 మి.మీ.లో తీస్తే స్టీరింగు, డ్యాష్‌బోర్డు, ముందు సీట్లు ఒకే ఫ్రేములో వస్తాయి. కెమెరాని మట్టంగా పట్టుకోవాలి. కొంచెం కిందికి వంచినా డోరు పిల్లర్లు వాలిపోతాయి. లోపల చీకటి, బయట ఎండ కాబట్టి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపో సగమో అవుతుంది) తేడాతో మూడు ఫ్రేములు తీసి తర్వాత కలుపుకోవాలి. ఈ 10–18ని ఆర్50కి కూడా కెనాన్ అడాప్టర్‌తో తగిలించొచ్చు, ఆటోఫోకస్ మామూలుగానే పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మన వైపు మొదట చూడాల్సింది ఫంగస్. సముద్రపు గాలి తేమ ఏడాదంతా ఉంటుంది. లెన్సు అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోను టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాగా సన్నని పోగులు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. విడి దుమ్ము కణాలైతే భయం లేదు. 17–55లో ముందు గాజు కింద దుమ్ము చేరడం అందరికీ తెలిసిందే, ఫొటోలో పడదు. దాని స్టెబిలైజర్ మాత్రం పరీక్షించాల్సిందే: 55 దగ్గర షట్టర్ సగం నొక్కి వ్యూఫైండర్లో చూడండి, బొమ్మ నెమ్మదించాలి. ఎగిరినట్టు, వణికినట్టు కదిలితే వదిలెయ్యండి.

తర్వాత గోడకి న్యూస్‌పేపరు అంటించి 17, 35, 55 దగ్గర ఎఫ్/2.8తో తియ్యండి. ఒక పక్క అక్షరాలు పదునుగా, రెండో పక్క మసకగా ఉంటే ఆ లెన్సు ఎక్కడో కిందపడి లోపలి గాజు పక్కకి జరిగిందని అర్థం. వ్యూఫైండర్లో ఒకసారి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి తీసి పోల్చండి. లైవ్ వ్యూది పదునుగా, రెండోది మసకగా ఉంటే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోంది. 80డీలో దాన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు. ఇంకొకటి, నికాన్ ఫొటో ఫైల్లో షట్టర్ కౌంట్ (ఎన్ని ఫొటోలు తీశారో) రాసి ఉంటుంది, కెనాన్ ఫైళ్లలో మామూలుగా ఉండదు. "తక్కువ వాడాం" అనే మాట నమ్మొద్దు. పట్టు మీద రబ్బరు అరుగుదల, హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) గీతలు చూస్తే వాడకం తెలిసిపోతుంది.

కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 40–50 శాతం దగ్గర ఉంచండి. ఏసీ కారులోంచి తెల్లారే గ్రౌండులోకి దిగగానే బ్యాగు తెరవొద్దు. చల్లని గాజు మీద తేమ పట్టేస్తుంది. జిప్పు మూసే ఉంచి అరగంట ఆగండి.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

ఇద్దరికీ ధన్యవాదాలు. దూరం సంగతి అర్థమైంది. సిగ్మా 18–50 ముందు, 10–18 తర్వాత అనుకుంటున్నా. అద్దాల మెరుపుకి పోలరైజర్ చాలా, అది పెట్టినా పని చెయ్యని చోట్లున్నాయా? ఇంకోటి, చాలాచోట్ల కార్లని ఎర్ర షామియానా కింద పెడతారు. తెల్ల కారు కూడా గులాబీ రంగులో పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగు సవరింపు) మార్చినా తలుపులు నీలంగా మారుతున్నాయి.

---

సింగరాయకొండ_రా

షామియానా విషయంలో మీ వైట్ బ్యాలెన్స్ తప్పేం లేదు. బానెట్, టాపు మీద పడేది ఎర్ర గుడ్డలోంచి దిగిన వెలుగు, తలుపుల మీద పడేది పక్క నుంచి వచ్చే పగటి వెలుగు. ఒకే కారు మీద రెండు రంగుల దీపాలున్నట్టు లెక్క, ఒక్క వైట్ బ్యాలెన్స్ రెండింటికీ సరిపోదు. రా (కెమెరా దాచే ముడి ఫైలు) ఫార్మాట్‌లో తీసి, తలుపులకి సరిపోయేట్టు వైట్ బ్యాలెన్స్ పెట్టి, ఎడిటింగులో బానెట్ భాగాన్ని మాత్రం ఎంచుకునే మాస్కు గీసి అక్కడ విడిగా ఎరుపు తగ్గించాలి. నిర్వాహకులని అడిగితే పొద్దున్నే కారుని ఆరడుగులు బయటికి తోయించడానికి చాలామంది ఒప్పుకుంటారు, ఆ పని అన్నిటికన్నా మేలు. అదీ కుదరకపోతే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. పద్మిని, అంబాసిడర్ లాంటి గుండ్రటి బాడీలకి అది నిజంగా అందం తెస్తుంది.

ఇక పోలరైజర్. సర్క్యులర్ పోలరైజర్, అంటే సీపీఎల్, కొనండి. గాజు మీద, పెయింటు పైనుండే క్లియర్ కోటు మీద పడే మెరుపుని అది తగ్గిస్తుంది. క్రోమ్ బంపరు, పాలిష్ చేసిన రిమ్ము లాంటి ఒట్టి లోహం మీద పని చెయ్యదు. గాజుకి ఎదురుగా నిలబడినా పని చెయ్యదు. గాజు తలానికి సుమారు 35 డిగ్రీల వాలులో చూస్తేనే పూర్తి బలం. సీట్లు కనపడాలంటే కిటికీకి ఎదురుగా కాకుండా బంపరు వైపు జరిగి ఏటవాలుగా చూస్తూ రింగు తిప్పండి.

చాలామందికి తట్టని చిక్కు ఇంకొకటుంది. బానెట్ పడుకుని ఉంటుంది, తలుపు నిలబడి ఉంటుంది. బానెట్ మెరుపు పోయేట్టు ఫిల్టరు తిప్పితే తలుపు మెరుపు అలాగే ఉంటుంది. తలుపుది పోవాలంటే దాదాపు 90 డిగ్రీలు తిప్పాలి. రెండూ ఒకే ఫ్రేములో పోవు. ట్రైపాడ్ ఉంటే రెండు స్థానాల్లో రెండు ఫ్రేములు తీసి కలపండి. లేకపోతే బానెట్, ముందద్దం వైపే మొగ్గండి, కంటికి ముందు తగిలేది అదే. ముందద్దం మెరుపు మొత్తం తీసేస్తే అసలు అద్దమే లేనట్టు నల్ల గొయ్యిలా కనిపిస్తుంది, కొంచెం ఉంచండి. సీపీఎల్‌తో పక్క అద్దాల్లో, వెనకద్దంలో మచ్చలు మచ్చలుగా డిజైను కనపడితే అది మురికి కాదు. టెంపర్డ్ గాజు తయారీలో పడిన ఒత్తిడి పోలరైజ్ అయిన వెలుగులో బయటపడుతుంది. రింగు కాస్త తిప్పితే తగ్గుతుంది.

ఫిల్టరు 67 మి.మీ.ది, పల్చటి అంచున్నది ఒక్కటే కొనండి. 10–18 (కెనాన్ ఈఎఫ్-ఎస్‌దైనా, సిగ్మాదైనా) 67, సిగ్మా 18–50 మాత్రం 55. 55–67 స్టెప్ అప్ రింగు (చిన్న లెన్సుకి పెద్ద ఫిల్టరు పట్టించేది) వేసుకుంటే రెండింటికీ అదే సరిపోతుంది, కాకపోతే 18–50కి హుడ్డు పట్టదు. ఫిల్టరు ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది, ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుకి స్పందించే స్థాయి) అంత పెంచుకోండి. 10 మి.మీ.లో ఆకాశం ఫ్రేములో ఉంటే ఫిల్టరు తీసెయ్యండి, ఆకాశం ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా పడుతుంది.

నల్ల కారు: కెమెరా మీటరు దేన్నయినా మధ్యరకం బూడిదగా చెయ్యాలని చూస్తుంది. నల్లకారుకి ఎక్స్‌పోజర్ –1, తెల్ల కారుకి +0.7 నుంచి మొదలుపెట్టి హిస్టోగ్రాం (వెలుగు నీడల గ్రాఫు) చూసి సర్దుకోండి. నల్ల పెయింటు మీద ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకుతూ ఉంటుంది, పట్టుకోడానికి గీత దొరకదు కాబట్టి. సింగిల్ పాయింట్ పెట్టి దగ్గరి హెడ్‌లైటు రిమ్ము మీద వెయ్యండి. తలుపులో తెల్ల చొక్కా ఇట్టే కనిపిస్తుంది, ముదురు రంగు వేసుకుని పోండి. ఎదురుగా ఫ్లెక్సీ ఉంటే అందులో ముఖాలన్నీ తలుపు మీదే ఉంటాయి, ఒక అడుగు జరిగి ఖాళీ గోడో ఆకాశమో పడేట్టు చూసుకోండి.

వేళ కూడా లెన్సంత ముఖ్యం. మన అక్షాంశానికి ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. బానెట్, టాపు తెల్లగా కాలిపోయి, పక్కలు నల్లబడతాయి, ఏ ఫిల్టరూ కాపాడదు. సూర్యోదయం తర్వాత మొదటి గంటలో పని ముగించండి, జనం కూడా ఉండరు.

---

కావలి_ఫోకస్

షామియానా సమాధానం బాగా చెప్పారు. చెన్నైలో హాల్లో జరిగే వాటి గురించి రెండు మాటలు కలుపుతా.

కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు, ట్యూబులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/100 లేదా 1/50 పెడితే ప్రతి ఫ్రేముకీ వెలుగు సమానంగా పడుతుంది. 1/320 లాంటివి పెడితే ఒక ఫ్రేము పచ్చగా, ఒకటి చీకటిగా, కొన్నిట్లో చారలు. యాంటీ ఫ్లికర్ ఆన్ చెయ్యండి, పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ వాడొద్దు. సిగ్మాకి స్టెబిలైజర్ లేదని చెప్పా కదా, 1/50 పెట్టినప్పుడు 35 మి.మీ. దాటకుండా మోచేతులు ఒంటికి ఆనించి తియ్యండి. కారులోని ఎల్‌ఈడీ డీఆర్‌ఎల్‌లు (పగలు కూడా వెలిగే ముందు దీపాలు) వేరే వేగంతో మినుకుతాయి, సగం ఆరినట్టు పడితే షట్టర్ ఇంకా తగ్గించండి.

ఫ్లాష్ వద్దే వద్దు. పెయింటు మీద తెల్ల చుక్క పడుతుంది, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు వెలుగుని తిరిగి మన మీదికే కొట్టి తెల్ల పలకలా మండిపోతుంది.

కెమెరాని హెడ్‌లైటు ఎత్తులో, అంటే మోకాలికి కాస్త పైన పట్టండి. ఆర్50 తెర బయటికి తిరుగుతుంది కాబట్టి నేల మీద పడుకోనక్కర్లేదు. యజమాని ఉంటే ముందు చక్రాన్ని రిమ్ము ముఖం మన వైపు కనపడేట్టు తిప్పమనండి, టైరు గాట్లు కనపడితే బాగోదు. వంగేముందు బెల్టు బకిల్, మెడలో స్ట్రాపు సర్దుకోండి, పెయింటు మీద గీత పడితే ఆ గ్రౌండులో మళ్లీ ఎవరూ దగ్గరికి రానివ్వరు. లెన్సు మార్చాల్సి వస్తే కారు వెనక గాలి మరుగున, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చండి. గ్రౌండు దుమ్ము సెన్సార్ మీద చేరితే ఎఫ్/11 దాటాక ఆకాశంలో నల్ల చుక్కలుగా పడుతుంది.

బ్యాటరీ ఎల్‌పీ-ఈ17, చిన్నది. రెండోది ఇప్పుడే బిల్లులో వేయించుకోండి.