1897లో మన తెలుగునాట ఏం జరిగిందో చెప్పగలరా?

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి పిల్లల కోసం 1897 ఒక్క సంవత్సరం మీద గోడ చార్ట్ చేస్తున్నాను. జనవరి 23న కటక్‌లో సుభాష్ చంద్రబోస్ పుట్టారు. మార్చి 10న పుణేలో సావిత్రిబాయి ఫూలే కన్నుమూశారు. ప్లేగు సోకిన పిల్లాణ్ణి వీపున మోసుకుని ఆసుపత్రికి చేర్చిన ఆమెకే ఆ జబ్బు అంటుకుంది. ఇది చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. ఏప్రిల్ 30న లండన్‌లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ గురించి ప్రకటించారు. చార్ట్‌లో పెద్ద చోటు మాత్రం సికింద్రాబాద్‌కే. ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి అతనికి ఒక అణా ఇచ్చారు. రాస్ పేరు పక్కనే అతని పేరూ అంతే పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను.

‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ కూడా ఆ ఏడాదే. ఇంకా తెలుగు ప్రాంతంలో, ముఖ్యంగా ఆడవాళ్ల జీవితాల్లో, తేదీతో సహా చెప్పదగ్గవి ఏమున్నాయి? అప్పటి తెలుగు పత్రికల స్కాన్ కాపీలు ఎక్కడ దొరుకుతాయి? తెలిసినవాళ్లు దయచేసి ఆధారంతో చెప్పండి. పిల్లలకి తప్పు తేదీ నేర్పకూడదని నా టెన్షన్.