ఘాజీని ముంచిన పేరు అడ్మిరల్ కృష్ణన్‌కి దక్కాలా?

జాలారిపేట: విశాఖ ఆర్కే బీచ్ యుద్ధ స్తూపం దగ్గర ఏటా డిసెంబరు 4న దండలు వేస్తారు. మేం విన్నది ఒకటే కథ. 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఎత్తు వేశాడు, మన ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వదిలింది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఇప్పుడేమో అది తన సొంత మైన్ల (సముద్రంలో పరిచే మందుపాతరల) వల్లే పేలిందంటున్నారు. మరి ఆయనకిచ్చిన పేరు ఎక్కువైనట్టా?

లెక్కతేలాలి: ఎక్కువే. రాజ్‌పుత్ 2 డెప్త్ చార్జీలు వదిలిన మాట నిజం. పెద్ద పేలుడు వినిపించింది ఆ తర్వాత కొన్ని నిమిషాలకు. పైగా, అప్పట్లో సైన్యం తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జనరల్ జాకబ్ ఏమన్నాడు? ఘాజీ మునిగిందని కృష్ణన్ డిసెంబరు 3వ తేదీ పొద్దున్నే ఫోన్ చేశాడట! రాజ్‌పుత్ రేవు దాటింది ఆ రోజు అర్ధరాత్రి వేళ కదా.

తూర్పుగాలి: మీరు పేలుడు దగ్గరే ఆగిపోయారు సార్. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ విక్రాంత్‌కి బాయిలర్ పగిలి పూర్తి వేగం అందుకోలేని పరిస్థితి. జలాంతర్గామి కంట పడితే అంతే సంగతులు. కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు పంపేసి, ఇక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి రాజ్‌పుత్‌కి విక్రాంత్ వేషం కట్టాడు. వైర్‌లెస్‌లో ఒకటే హడావుడి. ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరు. బజార్లో ఎవడో ఒకడు వాగకపోడు కదా! విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడ్డ తన తల్లి ఎలా ఉందని అడిగినట్టు, కోడ్ లేకుండా ఓ టెలిగ్రాం కూడా. మామూలప్పుడైతే ఆ కుర్రాడి ఉద్యోగం ఊడేది, ఇక్కడ అదే ఎర.

నవంబరు 14న కరాచీ వదిలిన ఘాజీ లేని ఓడ కోసం విశాఖ బయట కాపు కాసింది. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రేవులు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేశాయి. పేలింది దేనివల్లైనా సరే, విక్రాంత్ దక్కింది ఆయన వల్లే.

లెక్కతేలాలి: ఈ ఎర కథ చాలావరకు ఆయన ఆత్మకథలో చెప్పుకున్నదే. విశాఖ ముందు మైన్లు వేయడం ఘాజీకి ఎలాగూ అప్పగించిన పని, టెలిగ్రాం చూసి రాలేదు. అదే కృష్ణన్ కమాండ్ కింద డిసెంబరు 14న కాక్స్ బజార్‌లో గూర్ఖాలను దించబోతే ఓడ ఇసుక దిబ్బకు తగులుకుంది, కొందరు జవాన్లు మునిగి చనిపోయారు. దానికి స్తూపం లేదేం?

జాలారిపేట: ఘాజీ ఫైళ్లే లేకుండా పోయాయని 2010లో వార్తలొచ్చాయి కదా. ఇక ఎవరి మాట నమ్మాలి?

తూర్పుగాలి: ఫైళ్లు లేవు గనకే జాకబ్ మాటకు అంత గిరాకీ. ఒకరి ఆత్మకథ చెల్లదన్నప్పుడు ఇంకొకరి జ్ఞాపకం ఎలా చెల్లుతుంది మాస్టారూ? మైన్లు అప్పగించారనేది ఒప్పుకుంటా, కానీ మొదటి పని విక్రాంతే. కాక్స్ బజార్ మీద వేరే చర్చ పెట్టండి, అందులో నేను మీ వైపే.