‘గ్వార్దియే ఎ లాద్రి’ ముగింపు: దొంగను జైలుకు పంపడం రాజీయేనా?

పాతరీలు:
1951లో వచ్చిన ఈ ఇటాలియన్ పోలీసు కామెడీని (పేరుకు అర్థం ‘పోలీసులు, దొంగలు’) ఈమధ్యే మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం రెండు మాటల్లో కథ. స్టెనో, మారియో మోనిచెల్లి కలిసి తీశారు. చిల్లర మోసాలతో ఇల్లు నెట్టుకొచ్చే ఎస్పొజీతోగా తోతో, లావుపాటి పోలీసు బొత్తోనిగా ఆల్దో ఫాబ్రీత్సి వేశారు. ఎస్పొజీతో రోమ్ శిథిలాల దగ్గర ఒక అమెరికన్‌కు పాతకాలం నాణెమంటూ నకిలీది అంటగడతాడు. తర్వాత బొత్తోని చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతాడు. అమెరికన్ ఫిర్యాదు చేస్తాడు. దొంగను పట్టి తేకపోతే బొత్తోని ఉద్యోగం ఊడుతుంది.

ఇద్దరివీ ఒకే రకం బతుకులని సినిమా అంతా చూపించి, చివర్లో దొంగను జైలుకు, పోలీసును డ్యూటీకి పంపేస్తారు. సెన్సారుతో ఇబ్బందులు పడ్డ సినిమా ఇది. ఆ ఒత్తిడి ముగింపు మీద కనిపిస్తోందని నా అభిప్రాయం.

గోదారిగట్టు:
నేను ఒప్పుకోనండి. ఆ చివరి సీన్లో ఎవరు ఎవర్ని లాక్కెళ్తున్నారో చూడండి. దొంగ జాడ కోసం వెళ్లిన బొత్తోని అప్పటికే ఎస్పొజీతో ఇంట్లో మనిషైపోయాడు. సరుకులు తెచ్చిపెట్టాడు, పిల్లాణ్ని మచ్చిక చేసుకున్నాడు. రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చునే రోజునే దొంగ ఇంటికొస్తాడు. అసలు సంగతి ఆడవాళ్లకూ పిల్లలకూ తెలియకూడదని ఇద్దరూ నాటకమాడతారు. ఊరెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరాక, పోలీసుకే అడుగు ముందుకు పడదు. పద పదమని తొందరపెట్టేది దొంగ! సెన్సారుకు లొంగినవాళ్లు పోలీసు అంత నిస్సహాయంగా నిలబడే సీను తీస్తారా?

వాళ్లిద్దరూ పరిగెత్తే సీను కూడా మర్చిపోకండి. ఊరి చివర ఖాళీ నేలల్లో పరిగెత్తి పరిగెత్తి ఇద్దరికీ ఆయాసం వస్తుంది. కాస్త దూరంలో ఆగి, రొప్పుకుంటూనే బేరాలాడుకుంటారు. పోలీసు ముందుకు రాలేడు, దొంగ పారిపోలేడు. నవ్వొస్తుంది కానీ, ఇద్దరూ వయసు మీదపడ్డవాళ్లేనని, ఇద్దరి వెనకా ఆకలితో చూసే ఇల్లుందని అక్కడే అర్థమైపోతుంది. ముగింపుకు కావాల్సిందంతా ఆ పరుగులోనే ఉంది.

నలుపుతెలుపు:
రాసినవాళ్ల గురించి కూడా మాట్లాడుకోవాలి. కథ పియెరో తెల్లీనిది. స్క్రీన్‌ప్లేలో బ్రంకాతి, ఫ్లయానో, మక్కారిలతో పాటు ఫాబ్రీత్సి కూడా ఉన్నాడు. 1952 కాన్ చిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లే బహుమతి మాత్రం కథ రాసిన తెల్లీనికే వచ్చింది. కెమెరా మారియో బావాది. ఇంతమంది గట్టివాళ్లు ముగింపును గాలికి వదిలేశారంటే నమ్మలేను. ‘రోమ్ ఓపెన్ సిటీ’ సినిమాలో పాదిరీగా వేసిన ఫాబ్రీత్సి ఆరేళ్లకు ఈ పోలీసు వేషం కట్టాడు. ఆ ముఖంలో బరువు ఊరికే రాలేదు.

ఇదే స్టెనో 1973లో బడ్ స్పెన్సర్‌తో ‘పియెదోనే’ తీశాడు. అందులో పోలీసు చేతి దెబ్బలకు నవ్వుతాం. సరదా సినిమానే, కాదనను. కానీ ఇందులో ఉన్న ఆకలి అందులో లేదు.

పాతరీలు:
గోదారిగట్టు గారూ, దొంగే లాక్కెళ్లాడన్నది నిజమే. నా బాధ కూడా అక్కడేనండి. ఎస్పొజీతో జైల్లో ఉన్నన్నాళ్లూ అతని పిల్లల్ని చూసుకునే భారం బొత్తోని మీద పడుతుంది. అతనికొచ్చే జీతం సొంత ఇంటికే చాలదు. ప్రభుత్వం చేయాల్సిన పని ఒక పోలీసు మంచితనం మీద వేసి సినిమా ముగించారు. ఫిర్యాదు చేసిన అమెరికన్ ఏమో సాయం పొట్లాలు పంచే దయగల దొర. ఆయన్ని నిలదీసేవాడు లేడు. బహుమతి వచ్చిన స్క్రీన్‌ప్లే కాబట్టే ఇది అడుగుతున్నాను. దీనికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.