మైనస్ 25లో ఆరు నెలలు బయట ఉండే కెమెరాకి ఏ బోర్డు? (లద్దాఖ్)

మంచుపెట్టె:
లేహ్ దగ్గర ఒక ఊళ్ళో, దాదాపు 4000 మీటర్ల ఎత్తులో, ఐస్ స్తూపం (చలికాలంలో నీళ్ళు చిమ్మి గడ్డకట్టించే కృత్రిమ మంచు గోపురం) పెరగడం, కరగడం ఫొటోలు తీయాలి. నవంబరులో పెడితే మే దాకా ఎవరూ ముట్టుకోరు. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా అరగంటకో ఫొటో, దాంతోపాటు ఉష్ణోగ్రత. నెట్‌వర్క్ అవసరం లేదు, అన్నీ కార్డులోనే ఉంటాయి. రాత్రి మైనస్ 25 దాకా పడుతుందని లెక్క. చేతిలో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) ఉంది. దానికంటే చిన్నదైన పై జీరో 2 డబ్ల్యూ కొనాలా, ఈఎస్‌పీ32 క్యామ్ (కెమెరా ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) చాలా? పవర్‌కి 18650 లిథియం సెల్స్, సోలార్ ప్యానెల్, లోపల చిన్న హీటర్ పెడదామనుకుంటున్నాం. డబ్బా మొత్తం హైదరాబాద్‌లోనే బిగించి పంపిస్తాం.

టంకం_పొగ:
పై 4 పక్కన పెట్టేయండి. దాని లెక్క 0 నుంచి 50 డిగ్రీలే, పై 5దీ అంతే. జీరో 2 డబ్ల్యూకి మైనస్ 20 నుంచి 70 ఇచ్చారు. ఈ తేడా ప్రాసెసర్ వల్ల మాత్రమే వచ్చేది కాదు. పాత పై బోర్డుల్లో ప్రాసెసర్ మైనస్ 40 తట్టుకునేదే, పక్కనున్న ఈథర్‌నెట్ (వైరుతో నెట్‌వర్క్) చిప్ మాత్రం 0 నుంచి 70. బోర్డు మీద అన్నిటికంటే బలహీనమైన ముక్క ఏదో దాన్నిబట్టే బోర్డు హద్దు. జీరో మీద ముక్కలే తక్కువ, ఈథర్‌నెట్ అసలు లేదు.

కాగితం మీద మైనస్ 40 కావాల్సిందే అంటే బీగల్‌బోన్ బ్లాక్ ఇండస్ట్రియల్ అనే బోర్డు ఉంది, రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4లో కూడా మైనస్ 40 రకం వచ్చింది. మీ పనికి అవి అనవసరం. మీ ఫొటోలన్నీ పగటిపూటవే, మైనస్ 25 పడేది తెల్లవారుజామున. ఇబ్బంది పెట్టేది పొద్దున 8 గంటల ఫొటో ఒక్కటే. రాత్రంతా గడ్డకట్టుకుపోయి ఉన్న బోర్డు ఒక్కసారిగా బూట్ కావాలి. నడుస్తున్న బోర్డు తన వేడితో తాను నెట్టుకొస్తుంది, చల్లారిన బోర్డుని లేపడమే కష్టం. పవర్ లైన్‌లో అల్యూమినియం కెపాసిటర్లు ఉంటే చలికి వాటి లోపలి నిరోధం పెరిగి, బూట్ సమయంలో 5 వోల్టులు కాస్త కుంగుతాయి, బోర్డు రీసెట్ అవుతుంది. అందుకే మొదటి ఫొటో 10 గంటలకి పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఈఎస్‌పీ32 చిప్ మైనస్ 40 తట్టుకుంటుంది, కరెంటు కూడా తక్కువే. కానీ క్యామ్ బోర్డు మీది ఓవీ2640 సెన్సర్ 2 మెగాపిక్సెలే, పైగా బొమ్మ నాణ్యతకి హామీ 0 నుంచి 50 డిగ్రీల మధ్యే. ఆరు నెలలు ఆగి చూసుకునే ఫొటోలకి నేనైతే దాన్ని పెట్టను.

కార్డు తప్పకుండా ఇండస్ట్రియల్ రకం కొనండి, మైనస్ 40 రాసి ఉన్నది. మామూలు కార్డులు చాలావరకు మైనస్ 25 దగ్గరే ఆగిపోతాయి. రోజుకి 19 ఫొటోలు, ఒక్కోటి 5 ఎంబీ అనుకున్నా ఆరు నెలలకి 17 జీబీ దాకా అవుతుంది, 64 జీబీ తీసుకుంటే దిగులుండదు. కార్డులో సిస్టమ్ భాగాన్ని రీడ్-ఓన్లీ (ఏమీ రాయడానికి వీల్లేకుండా) చేసి, ఫొటోలకి వేరే పార్టిషన్ ఇవ్వండి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ని (బోర్డు మొరాయిస్తే దానంతటదే రీసెట్ చేసేది) 15 సెకన్లకి ఆన్ చేయండి. ఆటోఫోకస్ కెమెరా అయితే ఆటో తీసేసి లెన్స్ పొజిషన్ 0 దగ్గర, అంటే అనంతం దగ్గర, కట్టేయండి. లేకపోతే మంచు కురుస్తున్నప్పుడు చుక్కల మీద ఫోకస్ చేసి స్తూపాన్ని వదిలేస్తుంది.

వోల్ట్‌రావు:
బోర్డు సంగతి పైన చెప్పేశారు. అసలు గండం బ్యాటరీ దగ్గరుంది.

18650 వద్దండీ. లిథియం అయాన్ సెల్‌ని సున్నా కింద ఛార్జ్ చేస్తే లిథియం యానోడ్ లోపలికి పోకుండా పైన లోహంలా పేరుకుంటుంది. కెపాసిటీ శాశ్వతంగా పోతుంది, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కీ ఛార్జింగ్ విషయంలో అదే నియమం. మీ దగ్గర ఎండ కాసే వేళకి సెల్స్ ఇంకా మైనస్‌లోనే ఉంటాయి. లిథియం టైటనేట్ అయితే చలిలోనూ ఛార్జ్ అవుతుంది, కానీ ఖరీదు, మంచివి దొరకడం కష్టం. సీదాగా యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ లెడ్ యాసిడ్ పెట్టండి. గడ్డకట్టనంతవరకు అది సున్నా కింద కూడా ఛార్జ్ అవుతుంది.

లెక్క చూడండి. జీరో 2 ఒక్కో ఫొటోకి 90 సెకన్లు మేలుకుని సగటున 1.5 వాట్లు తింటే, 19 ఫొటోలకి రోజుకి 0.7 వాట్-అవర్లు. చాలా తక్కువ కదా. ఇప్పుడు 12ని 5 చేయడానికి ఎల్‌ఎం2596 మాడ్యూల్ పెట్టి ఎప్పుడూ ఆన్‌లో వదిలేస్తే, ఏ లోడూ లేకుండానే 5 మిల్లీఆంప్స్ తాగుతుంది. 12 వోల్టుల మీద 24 గంటలకి 1.4 వాట్-అవర్లు, అంటే పై బోర్డు ఖర్చుకి రెట్టింపు! అందుకే బోర్డుకి పవర్ ఆపే స్విచ్ కన్వర్టర్ తర్వాత కాదు, దానికి ముందే ఉండాలి. సొంతంగా చేసే ఓపిక లేకపోతే విట్టీ పై 4 లాంటి బోర్డు కొనండి. 6 నుంచి 30 వోల్టులు నేరుగా తీసుకుంటుంది, గడియారమూ కన్వర్టరూ అందులోనే ఉంటాయి. విడిగా డీఎస్3231 గడియారం చిప్ వాడితే చివర ఎస్‌ఎన్ ఉన్న చిప్ చూసుకోండి, మైనస్ 40 రకం అదే. చవక నీలిరంగు మాడ్యూల్‌లో కాయిన్ సెల్‌ని ఛార్జ్ చేసే రెసిస్టర్ ఒకటి ఉంటుంది. ఛార్జ్ చేయకూడని సీఆర్2032 సెల్ పెడితే ఆ రెసిస్టర్‌ని ఊడదీయాల్సిందే.

సోలార్ కంట్రోలర్ సొంత ఖర్చు 10 మిల్లీఆంప్స్ అనుకుంటే రోజుకి ఇంకో 2.9 వాట్-అవర్లు. మొత్తం 4 దాకా వస్తుంది. బ్యాటరీలో 84 ఉంటాయి, చలిలో సగమే అనుకుని లెక్క వేయండి: ఎండ లేకుండా పది రోజులు. కానీ అంత దాకా దించకండి. నిండుగా ఉన్న బ్యాటరీ యాసిడ్ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు, సగం ఖాళీ అయితే మైనస్ 27 దగ్గరే కడుతుంది, పూర్తిగా ఖాళీ అయితే మైనస్ 8 చాలు. కేసు పగిలిందంటే ఇక దాని కథ ముగిసినట్టే. 12.2 వోల్టుల కింద లోడ్ కట్ అయ్యేలా పెట్టండి.

ప్యానెల్ 20 వాట్లు చాలు, దక్షిణానికి, 55 డిగ్రీల ఏటవాలుగా. ఇంకో సంగతి: చలికి ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ఏ లోడూ లేనప్పటిది) పెరుగుతుంది. లేబుల్ మీద 22 ఉంటే మైనస్ 25లో 25 దాటుతుంది. కంట్రోలర్ గరిష్ఠం 25 అయితే మొదటి ఎండకే పోతుంది. బ్యాటరీ ఉష్ణోగ్రతని చూసి ఛార్జింగ్ వోల్టేజీ మార్చే కంట్రోలరే కొనండి. మైనస్ 20లో దాదాపు ఒక వోల్టు ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

మంచుపెట్టె:
చాలా థాంక్స్ అండీ. మరి హీటర్ సంగతి? చుట్టూ థర్మాకోల్ వేస్తే బోర్డు వేడే సరిపోతుందా?

టంకం_పొగ:
సరిపోదు. 20×20×15 సెంటీమీటర్ల డబ్బా, చుట్టూ 20 మిల్లీమీటర్ల థర్మాకోల్ అనుకోండి. ప్రతి 3 డిగ్రీల తేడాకి దాదాపు ఒక వాటు బయటికి పోతుంది. జీరో ఎప్పుడూ ఆన్‌లో ఉన్నా 2, 3 డిగ్రీలే పెరుగుతుంది. సున్నాకి తేవాలంటే 8 వాట్ల పైన రాత్రంతా కాలాలి, అంత సోలార్ మీ దగ్గర లేదు. థర్మాకోల్ వేయండి, కానీ వేడి కోసం కాదు, ఉష్ణోగ్రత మెల్లగా మారడం కోసం. హీటర్ కావాలంటే బూట్‌కి ముందు పది నిమిషాలు 5 వోల్టుల మీద 10 ఓమ్స్ రెసిస్టర్‌ని, అంటే 2.5 వాట్లని, బోర్డు వెనక అంటించండి. అది కూడా ఉదయం మొదటి బూట్‌కే.

గ్లాండ్‌బాక్స్:
హైదరాబాద్‌లో బిగించి పంపిస్తామన్నారు, అక్కడ ఆగండి. హైదరాబాద్‌లో గాలి ఒత్తిడి దాదాపు 95 కిలోపాస్కల్స్, 4000 మీటర్ల దగ్గర 62. గాలి చొరకుండా మూసిన డబ్బా 20×20 మూత మీద లోపల్నుంచి 130 కిలోల బరువంత తోపు పడుతుంది. మూత ఉబ్బుతుంది, రబ్బరు గాస్కెట్ జారుతుంది. తర్వాత ఆ సందులోంచి తేమ లోపలికి పోతుంది. గాలిని వదిలి నీటిని ఆపే వెంట్ ప్లగ్ ఒకటి డబ్బా అడుగున పెట్టండి. కేబుల్ గ్లాండ్లు (వైర్లు లోపలికి వెళ్ళే చోట నీరు చొరకుండా పట్టే బిగింపులు) కూడా అడుగునే. సిలికా జెల్ 50 గ్రాములు, ఓవెన్‌లో ఆరబెట్టినవి, అక్కడికి చేరాక వేసి మూయండి. బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా వేసే పలచని పూత) కొట్టండి, కార్డు స్లాటుకీ కెమెరా కనెక్టరుకీ టేపు వేసి.

బయటి వైర్లు పీవీసీ వద్దు, చలికి బిరుసెక్కి వంచిన చోట పగులుతాయి. సిలికాన్ తొడుగువి వాడండి. కెమెరా పెట్టే చోటు కూడా చూసుకోండి. స్తూపం మీద చిమ్మే నీళ్ళు గాలికి ఇటు కొట్టుకొచ్చి అద్దం మీద గడ్డకడితే ఆ సీజను ఫొటోలు పోయినట్టే. గాలి వచ్చే వైపు, కనీసం 30 మీటర్ల దూరం.

మంచుపెట్టె:
పంపే ముందు ఇక్కడ పరీక్షించడం ఎలా?

గ్లాండ్‌బాక్స్:
ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 ఇస్తుంది, దాంతో మొదలుపెట్టండి. బోర్డు, కార్డు, కన్వర్టర్, బ్యాటరీ అన్నీ కలిపి ఆఫ్ చేసి 12 గంటలు లోపల ఉంచి, తలుపు తీయకుండా టైమర్‌తోనే బూట్ చేయించండి. ఒకసారి లేచింది కదా అని సంబరపడకండి, పదిసార్లు వరసగా లేవాలి. ఇంకా చల్లగా కావాలంటే డ్రై ఐస్ జోలికి పోకండి, అది మైనస్ 78, మంచి బోర్డుని కూడా చంపుతుంది. బయటికి తీసేముందు, ఫ్రీజర్‌లో ఉండగానే జిప్ కవర్లో మూసేసి, గది వేడికి వచ్చేదాకా విప్పకండి. మన గాలిలో తేమకి చల్లటి బోర్డు రెండు నిమిషాల్లో తడిసిపోతుంది. ఆ తడి మీద పవర్ ఇస్తే పరీక్షలోనే పోతుంది.