మెల్‌బోర్న్ ఏ తరగతి నౌక?

ప్రశ్న: స్టార్ ట్రెక్ అనే టీవీ సైన్స్ ఫిక్షన్ గాథలో, వుల్ఫ్ 359 అనే నక్షత్రం వద్ద జరిగిన యుద్ధ శిథిలాల నడుమ 1990లో నెబ్యులా తరగతి (ఒకే నమూనాలో కట్టిన నౌకల వర్గం) అంతరిక్ష నౌకగా కనిపించిన మెల్‌బోర్న్, 1993 నాటి డీప్ స్పేస్ నైన్ అనే మరో స్టార్ ట్రెక్ ధారావాహిక తొలి కథలో ఎక్సెల్సియర్ తరగతికి మారింది. ఏది ప్రామాణికం?

జవాబు: నా దృష్టిలో రెండవదే. మొదటిది క్షణకాలం కనిపించి పోయే శిథిలం, దాని పేరు చదవడమే గగనం. రెండవదాని పళ్లెం లాంటి ముందు భాగం మీద పేరు, సంఖ్య స్పష్టంగా కనిపిస్తాయి.

మరొక జవాబు: మన్నించండి, క్షణకాలమే కనిపించినంత మాత్రాన మొదటిది చెల్లదనలేము. అయితే ఆ శిథిలాల్లో చాలావరకు దూరం నుంచి చూపడానికి విడిభాగాలు అతికించి చేసిన బొమ్మలేనన్నది నిజం. వాటిలో న్యూ ఆర్లీన్స్ తరగతికి చెందిన క్యూషూ అనే నౌక ఒంటికి అమర్చిన మూడు గొట్టాలు హైలైటర్ పెన్నులే!

ప్రశ్నించినవారు: అక్కడే ఉన్న షయాన్ తరగతి నౌక నాలుగు ఇంజన్లూ మార్కర్ పెన్నులేనండి. అయినా దాని తరగతిని ఎవరూ శంకించరు కదా?